రోజూ బస్సులో పాట వినడానికి హెడ్‌ఫోన్: చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగేవాళ్లకు ఏది సరిపోతుంది?

మామిడితోట
అందరికీ నమస్కారం. చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ ఆర్టీసీ బస్సు. పోను రాను మూడు గంటలు చెవిలో పాట ఉంటుంది. ఎక్కువగా వినేది కర్ణాటక గాత్రం, వీణ, అన్నమయ్య కీర్తనలు, పాత సినిమా పాటలు. ఫోన్ ఆండ్రాయిడ్. 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేదు, టైప్-సీ ఒక్కటే. కళ్లద్దాలు ఉన్నాయి. 3 వేలు అనుకున్నాను, మరీ మంచిదైతే ఇంకో వెయ్యి పెడతాను. అప్పుడప్పుడు అలిపిరి మెట్ల దారిలో నడక కూడా. వైరుదా, బ్లూటూతుదా? నాయిస్ క్యాన్సిలేషన్ ఉండాల్సిందేనా? అంగడిలో అడిగితే బాస్ ఎక్కువుండేదే మంచిదని చెప్తా ఉండారు. నాకు కావాల్సింది గొంతు, వెనకాల తంబురా స్పష్టంగా వినపడటం.

రేణిగుంట జంక్షన్
కంపెనీ సంగతి తర్వాత చూద్దాం అన్నా, ముందు బస్సులో ఉండే చప్పుడు ఎట్లాంటిదో చూడండి. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 75 సార్లు మండుతుంది. అంటే 75 హెర్ట్జ్ దగ్గర ఒక మోత ఆగకుండా ఉంటుంది. దాని మీద గేరు గోల, కిటికీ అద్దాల అదురు, గాలి, పైన హారన్లు, పక్క సీటు మాటలు. ఈ కింది మోత పాటలో ఏం మింగుతుందో తెలుసా? మృదంగం ఎడమ వైపు జారుతూ మోగే గుమ్కి, వీణ మంద్రస్థాయి తీగ, మగ గొంతు అడుగు భాగం. అవి వినపడక వాల్యూం పెంచుతాం. పెంచితే వయొలిన్, తాళాలు చెవిలో గుచ్చుకుంటాయి. బాస్ ఎక్కువున్నది కొనమని అంగడిలో చెప్పేది కూడా ఈ లోటు కప్పడానికే. కానీ బయటి మోత లోపలికి రాకుండా చేస్తే బాస్ పెంచే పనే లేదు.

మోతను ఆపడానికి రెండు దారులు. చెవి రంధ్రాన్ని రబ్బరు టిప్పుతో మూసేయడం ఒకటి. మైకుతో బయటి చప్పుడు పట్టి, దానికి వ్యతిరేక తరంగం పంపి కొట్టేయడం రెండోది, అదే నాయిస్ క్యాన్సిలేషన్. మొదటిది హారన్లు, మాటలు, గలగలలు బాగా తగ్గిస్తుంది, ఇంజను మోత దగ్గర కొంచెం బలహీనం. రెండోది దానికి తలకిందులు. ఇంజను, ఫ్యాను, రైలు మోత లాంటి ఒకే తీరు చప్పుడును బాగా కొట్టేస్తుంది, 1000 హెర్ట్జ్ దాటాక పెద్దగా పని చేయదు. అందుకే క్యాన్సిలేషన్ ఆన్ చేయగానే ఇంజను మాయమై, పక్కవాళ్ల మాటలు ఇంకా తేటగా వినపడినట్టు ఉంటుంది.

పలమనేరు గాలి
ఇంతెందుకన్నా, 3 వేలకు క్యాన్సిలేషన్ ఉండే, వైరు లేని బ్లూటూత్ బడ్స్ బోలెడు వస్తా ఉండాయి. డబ్బా మీద 45 డెసిబెల్, 50 డెసిబెల్ అని రాసి మరీ అమ్ముతా ఉండారు. వైరు చుట్టుకుంటా కూర్చునే రోజులు పోయినాయి.

రేణిగుంట జంక్షన్
ఆ 50 డెసిబెల్ అంకె ఏదో ఒక్క పౌనఃపున్యం దగ్గర వచ్చే గరిష్ఠం. మొత్తం చప్పుడు అంత తగ్గుతుందని కాదు. ఇంకో సంగతి. టిప్పు సరిగ్గా అతకకపోతే క్యాన్సిలేషన్ కూడా సగం పోతుంది. బయటి మోత సందులోంచి నేరుగా లోపలికి వస్తుంది, లోపలి మైకు వేసే లెక్క తప్పుతుంది. కాబట్టి ఏది కొన్నా మొదటి పని టిప్పు అమరికే. బడ్స్ వద్దని నేను అనడం లేదు. వైరుది, బడ్స్ రెండింటిలో ఏది కొన్నా అమరిక చూడకుండా కొంటే డబ్బు దండగ.

తంబురా
అమరిక గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువమంది చెవులకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద మూడు సైజుల టిప్పులు వస్తాయి. ఎక్కువమంది తగిలించి వచ్చిన మధ్య సైజుతోనే ఉండిపోతారు. రెండు చెవి రంధ్రాలు ఒకే సైజులో ఉండాలని లేదు, ఎడమకు మధ్యది, కుడికి పెద్దది పట్టడం మామూలే. పెట్టుకునేటప్పుడు ఎదురు చేత్తో చెవి పై అంచు పట్టుకుని పైకి, వెనక్కి లాగండి. రంధ్రం తిన్నగా అవుతుంది. అప్పుడు ఇయర్‌ఫోన్ లోపలికి నెట్టి, కొద్దిగా మెలితిప్పి, చెవి వదలండి. సరిగ్గా కూర్చుంటే మీ మాట మీకే లోపల గుమ్మని వినిపిస్తుంది, చుట్టూ చప్పుడు ఒక్కసారిగా తగ్గుతుంది. దవడ ఆడించినా, ఆవలించినా అతుకు ఊడకూడదు. ఊడుతుంటే పై సైజు వాడండి. పది నిమిషాలకే నొప్పి వస్తే కింది సైజు.

ఫోమ్ టిప్పులైతే వేళ్లతో సన్నగా నలిపి, లోపల పెట్టి, 20 నుంచి 30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. అది మెల్లగా ఉబ్బి రంధ్రం నిండా కూర్చుంటుంది. బస్సు మోతకు సిలికాన్ కంటే ఫోమ్ ఒక మెట్టు మేలు. కాకపోతే చెమట, గుబిలి పీల్చుకుని కొన్ని నెలలకే గట్టిపడుతుంది, మళ్లీ కొనాలి. పాటలో పై స్థాయిల తళుకును కూడా కొంచెం మెత్తబరుస్తుంది. వయొలిన్ గుచ్చుకునే ఇయర్‌ఫోన్‌కు అది మేలే చేస్తుంది.

ఇక పరీక్ష. మీకు కర్ణాటక సంగీతం అలవాటు కనుక సులువు. నిదానంగా సాగే ఆలాపన ఒకటి పెట్టండి. గొంతు వెనకాల తంబురా నాలుగు మీట్లు విడివిడిగా వినపడాలి, మీటు మీటుకు పైన సన్నటి జీవ నాదం విచ్చుకుంటూ పోవాలి. అది లేకుండా ఏదో హమ్మని మోగుతుంటే పై స్థాయిలు చచ్చినట్టు. తర్వాత తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం పెట్టండి. మృదంగం ఎడమ వైపు అరచేతి మడమ జరిగినప్పుడు గుమ్కి జారుతూ పైకి లేవాలి. ‘ధుం’ అని ఒక ముద్దలా వినిపిస్తే అది బాస్ దండిగా పోసిన ఇయర్‌ఫోన్. అసలు వినిపించకపోతే మాత్రం ఇయర్‌ఫోన్‌ను తిట్టకండి, ముందు టిప్పు మార్చి చూడండి. చివరగా ఆడగొంతు తారస్థాయిలో ‘స’ అక్షరం ఉన్న చరణం. ‘స్స్’ అని ఈల వేస్తున్నట్టుంటే 6 నుంచి 8 వేల హెర్ట్జ్ దగ్గర శబ్దం మరీ పెంచి ఉంది, గంటసేపు వినలేరు.

మామిడితోట
తంబురా గారూ, చాలా థాంక్స్. ఇంకో అనుమానం. చెవి మీద మొత్తం కప్పే పెద్ద హెడ్‌ఫోన్ బస్సులో మంచిదని విన్నాను. కళ్లద్దాలతో కుదురుతుందా? ఎల్‌డీఏసీ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే ఒక పద్ధతి, కోడెక్ అంటారట) లేకుండా కొనొద్దని కూడా ఒకరు చెప్పారు.

నాదం 517
కళ్లద్దాల కాడ హెడ్‌ఫోన్ చెవి దిండును ఎత్తి పడుతుంది, ఆ సందులోంచి బాస్ బయటికి, ఇంజను మోత లోపలికి. కాడ సన్నటి లోహానిదైతే నష్టం తక్కువ, మందపాటి ప్లాస్టిక్ ఫ్రేమైతే తేడా స్పష్టంగా తెలుస్తుంది. గంట దాటాక కాడ నొక్కుకుని చెవి పైన నొప్పి కూడా. రెండోది మన ఎండలు. ఏప్రిల్, మేలో 40 డిగ్రీలు దాటిన తిరుపతిలో ఏసీ లేని బస్సులో తోలు దిండ్లు చెవుల మీద పెట్టుకుంటే చెమట కారుతుంది. ఆ దిండ్లు అసలు తోలు కాదు, పైపూత. చెమటకు, నూనెకు పొలుసులుగా రాలిపోతుంది. పెద్దవి కొనాలనుకునేవాళ్లు ముందు ఆ మోడల్‌కు విడి దిండ్లు దొరుకుతాయో లేదో చూసుకోవాలి.

అయినా కొనాలనుకుంటే బరువు చూడండి. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్ 192 గ్రాములే, క్యాన్సిలేషన్ ఆన్‌లో 35 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. అదే కంపెనీ పై శ్రేణి ఎక్స్‌ఎం5 250 గ్రాములు, పైగా మడత పడదు. ఎక్స్‌ఎం4 మడత పడుతుంది. బస్సులో ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చునేవాళ్లకు ఈ మడతే పెద్ద విషయం. కానీ ఇవేవీ మీ 4 వేలలో రావు. ఆ ధరలో వచ్చే పెద్ద హెడ్‌ఫోన్లు మీరు వినే సంగీతానికి పనికిరావని నా అభిప్రాయం, ఎక్కువ భాగం బాస్ డబ్బాలే.

ఇక ఎల్‌డీఏసీ. ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోన్లలో ఉంది. సెకనుకు 990, 660, 330 కిలోబిట్లు అని మూడు మెట్లు. 990 పెట్టి తిరుపతి బస్టాండులో నిలబడితే చుట్టూ వందల ఫోన్లు, వైఫైలు అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి కాబట్టి పాట తెగి తెగి వస్తుంది. హెడ్‌ఫోన్ యాప్‌లో ‘కనెక్షన్‌కు ప్రాధాన్యం’ అని పెట్టుకోవాలి. అట్లా పెట్టాక అది చాలాసార్లు 330కి దిగుతుంది. మామూలు కోడెక్ ఎస్‌బీసీ గరిష్ఠం కూడా దాదాపు 328. కదిలే బస్సులో ఆ తేడా వినపడటం కష్టం. యూట్యూబ్ మ్యూజిక్‌లో ‘హై’ పెట్టినా వచ్చేదే 256. కోడెక్ పేరు చూసి వెయ్యి ఎక్కువ పెట్టొద్దు. ఐఫోన్ వాళ్లకు ఈ గొడవే లేదు, అందులో ఏఏసీ, ఎస్‌బీసీ రెండే. ఆప్ట్‌ఎక్స్ అనే కోడెక్ అయితే ఫోన్‌లో, హెడ్‌ఫోన్‌లో రెండు చోట్లా ఉంటేనే పని చేస్తుంది.

రిపేరీ బెంచి
నేను పాడయ్యే సంగతి చెప్తా. ఒక్కో బడ్‌లో ఉండే బ్యాటరీ 35 నుంచి 60 మిల్లీయాంపియర్ గంటలది. 300 నుంచి 500 సార్లు నిండా చార్జ్ అయ్యేసరికి దాని పస 80 శాతం దగ్గరికి పడిపోతుంది. రోజూ మూడు గంటలు వాడేవాళ్లకు రెండు, మూడేళ్లలో ఒక బడ్ ముందు ఆగిపోవడం మొదలవుతుంది. ఎక్కువగా కాల్స్‌కు వాడే వైపుదే ముందు పోతుంది. అతికించిన డొల్ల విప్పి బ్యాటరీ మార్చడం అన్ని మోడళ్లలో కుదరదు. ఎండలో పార్కు చేసిన బండి డిక్కీలో పెట్టారంటే ఇంకా తొందరగా పోతుంది, లిథియం బ్యాటరీకి వేడే శత్రువు.

వైరు ఊడదీసే రకం ఇయర్‌ఫోన్ అయితే పాడయ్యేది వైరే. 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నుల వైరు కొని మార్చుకుంటే కొత్తదే. మూన్‌డ్రాప్ కంపెనీ చూ 2 లాంటివి ఈ రకమే. చూ మొదటి మోడల్‌కు వైరు ఊడదు, పేరు చూసి కొనండి. మార్చేటప్పుడు పిన్నులు తిన్నగా నెట్టాలి, అటూ ఇటూ ఆడిస్తే సాకెట్ వదులైపోతుంది. ఒక వైపు తిరగేసి గుచ్చితే ఫేజ్ తప్పుతుంది, అంటే రెండు వైపుల తరంగాలు ఒకదానికొకటి ఎదురు పడతాయి. గొంతు మధ్యలో నిలబడకుండా తల చుట్టూ తేలుతున్నట్టు ఉంటుంది, బాస్ పల్చబడుతుంది. చాలామంది దాన్ని ఇయర్‌ఫోన్ లోపమనుకుంటారు.

మామిడితోట అన్నకు టైప్-సీ డాంగిల్ కావాలి, అంటే ఫోన్ టైప్-సీ రంధ్రానికి 3.5 జాక్ కలిపే చిన్న తీగ. డాంగిల్లో రెండు రకాలు. లోపల డాక్ చిప్ (ఫోన్ డిజిటల్ పాటను ఇయర్‌ఫోన్‌కు పనికొచ్చే సంకేతంగా మార్చేది) ఉన్నది దాదాపు అన్ని ఫోన్లలో పని చేస్తుంది. చిప్ లేకుండా వట్టి తీగ కలిపినది కొన్ని ఫోన్లలోనే. అంగట్లో సగం ధరకు ఇచ్చేది ఎక్కువగా ఆ రెండోదే, పెట్టగానే ‘సపోర్టు లేదు’ అని వస్తుంది. ‘డాక్’ అన్న మాట డబ్బా మీద ఉందో లేదో చూసి తీసుకోండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ (బయటి పరికరాన్ని ఫోన్‌కు తగిలించే వీలు) ఆన్ చేయాలి, 10 నిమిషాలు వాడకపోతే అదే ఆఫ్ అవుతుంది. డాంగిల్ పోయిందని కొత్తది కొనేముందు ఇది చూడండి.

పలమనేరు గాలి
రిపేరీ అన్నా, డాంగిల్, వైరు, చొక్కా గుండీకి తగులుకోవడం, కండక్టరుకు డబ్బులిచ్చేటప్పుడు లాక్కుని ఊడటం... ఇవి కూడా లెక్కలో వేయాలి కదా. కిక్కిరిసిన బస్సులో నిలబడి పోయేవాళ్లకు వైరు నిజంగా తలనొప్పి.

రిపేరీ బెంచి
నిలబడి పోయేవాళ్లకు నువ్వు చెప్పేదే సరి తమ్ముడూ, వాళ్లు బడ్స్ తీసుకోవడమే మేలు. కూర్చునేవాళ్లకు మాత్రం కొన్ని మార్గాలున్నాయి. వైరు చెవి మీదుగా వెనక నుంచి తిప్పి, గడ్డం కింద జారుడు పూస పైకి బిగిస్తే చొక్కాకు రాసుకునే బరబర చప్పుడు చెవిలోకి రాదు. వైరు మధ్యలో ఒక క్లిప్పు కాలరుకు పెడితే లాగినా బరువు చెవి మీద పడదు. డాంగిల్ ఫోన్ కింది భాగాన ఉంటుంది కాబట్టి ఫోన్‌ను తలకిందులుగా జేబులో పెట్టండి. లేకపోతే కూర్చున్న ప్రతిసారీ పోర్టు మీద వంపు పడి, ఫోన్ చార్జింగ్ రంధ్రమే వదులవుతుంది. అది డాంగిల్ కంటే పెద్ద ఖర్చు.

అలిపిరి మెట్లు
నడక సంగతి ఎవరూ ముట్టుకోలేదు. దానికి బస్సు ఇయర్‌ఫోన్ వద్దు సార్. సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. చిరుతలు తిరిగే అడవి దారి, మైకుల్లో ప్రకటనలు వస్తుంటాయి, వెనక పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తారు. రెండు చెవులూ మూసుకుని ఎక్కడం ప్రమాదం. చెవి రంధ్రం మూయని ఓపెన్ రకం గానీ, బడ్స్‌లో ఒక్క వైపుది గానీ చాలు. ఒక్కటే పెట్టుకునేటప్పుడు ఫోన్ యాక్సెసిబిలిటీలో ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి, లేకపోతే రెండో వైపు వాయిద్యం వినపడదు. పాత కచేరీ రికార్డింగులకు కూడా ఇది పనికొస్తుంది. క్యాసెట్ నుంచి ఎక్కించినవాటిలో ఒక వైపు గొంతు, ఒక వైపు బుస్సుమనే చప్పుడు ఉంటుంది, మోనో చేస్తే తల మధ్యకు వస్తుంది.

చెమటకు ఐపీఎక్స్4 అనే నీటి రక్షణ గుర్తు అన్నా ఉండాలి. అది నలువైపుల నుంచి పడే చుక్కలకు తట్టుకుంటుందన్న లెక్క. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. కానీ ఆ పరీక్ష మంచినీళ్లతో. చెమటలో ఉప్పుంటుంది, చార్జింగ్ పిన్నులను తినేస్తుంది. దిగాక బడ్స్ తుడిచి ఆరాకే చార్జింగ్ డబ్బాలో పెట్టాలి. చాలా మోడళ్లలో ఐపీ గుర్తు బడ్‌కే, డబ్బాకు ఉండదు.

ఘాట్ బస్సులో వెళ్లేవాళ్లకు ఇంకొకటి. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. గాలి ఒత్తిడి తగ్గుతూ పోతుంటే, బిగుతైన టిప్పు లోపల గాలి ఇరుక్కుని చెవి దిబ్బడ వేస్తుంది. గొంతు దూరమైనట్టు ఉంటుంది. మలుపుల్లో రెండు, మూడుసార్లు టిప్పు కొంచెం వెనక్కి లాగి మళ్లీ పెట్టండి, గుటక వేయండి. దిగేటప్పుడు కూడా అంతే. ఆలయంలోకి ఫోన్ ఎట్లాగూ తీసుకుపోకూడదు, ఇయర్‌ఫోన్లు కూడా ఫోన్‌తో పాటే డిపాజిట్ కౌంటర్లో ఇచ్చేయండి.

కాణిపాకం రోడ్డు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నా దగ్గర మంచి వైరు ఇయర్‌ఫోన్ ఉంది. జాక్ దగ్గర వంచితే ఎడమ వస్తుంది, వదిలితే పోతుంది. ఇది ఊడదీసే రకం కాదు. పారేయాలా?

రిపేరీ బెంచి
పారేయొద్దు. తీగ జాక్ మెడ దగ్గర లోపల తెగింది, అంతే. మైకు ఉన్నదైతే నాలుగు కడ్డీల (కొనతో కలిపి నాలుగు లోహపు భాగాల) జాక్ కొనండి, లేనిదైతే మూడు. స్క్రూ మూత ఉన్న లోహపు జాక్ మేలు.

జాక్ నుంచి 4 సెంటీమీటర్ల పైన కోసేయండి, తెగిన చోటు ఆ ముక్కలోనే పోవాలి. టంకం మొదలుపెట్టే ముందు జాక్ మూత, వేడి తగిలితే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం ఒక ముక్క వైరుకు ఎక్కించండి. మర్చిపోతే అతికిందంతా మళ్లీ ఊడదీయాలి. తొడుగు 1 సెంటీమీటరు ఒలవండి. లోపల వెంట్రుకల్లాంటి రంగు తీగలు ఉంటాయి. మామూలుగా పచ్చది ఎడమ, ఎర్రది కుడి, రాగి రంగుది గ్రౌండు. ఆ రంగు నిజానికి ఎనామిల్ పూత, దాని మీద టంకం అంటదు. టంకం బిట్టు 350 డిగ్రీల పైన వేడి చేసి, కొనకు కరిగిన టంకం బొట్టు పెట్టి, తీగ కొసను ఆ బొట్టులో కొన్ని సెకన్లు ముంచండి. పూత పొగై పోయి కొస వెండిలా మెరుస్తుంది. బ్లేడుతో గీకితే సగం పోగులు తెగుతాయి, గీకొద్దు.

రంగును నమ్మకుండా మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూడండి. గ్రౌండుకు, ఒక వైపు తీగకు మధ్య 16 నుంచి 32 ఓమ్స్ దాకా చూపిస్తుంది, ముట్టిన క్షణం ఆ వైపు ఇయర్‌ఫోన్ లోపలి స్పీకరులో ‘టిక్’ అని వినపడుతుంది. అదే ఆ వైపు తీగ. జాక్ కొన ఎడమ, కొన తర్వాతి మొదటి కడ్డీ కుడి. నాలుగు కడ్డీలదైతే రెండో కడ్డీ గ్రౌండు, అడుగుది మైకు. ఇప్పటి ఫోన్లు దాదాపు అన్నీ ఈ వరసే. మైకు, గ్రౌండు తారుమారైతే గొంతు మాయమై వాయిద్యాలు మాత్రం దూరంగా వినిపిస్తాయి, మైకు బటన్ నొక్కి పట్టుకుంటే సరిగ్గా వస్తుంది. అట్లా అయితే ఆ రెండూ మార్చి అతకండి. టంకం ఒక్కో చోట 2 సెకన్లు దాటితే జాక్ లోపలి ప్లాస్టిక్ కరిగి కడ్డీలు షార్ట్ అవుతాయి.

కర్ణిక
వాల్యూం గురించి ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు వారానికి 80 డెసిబెల్ దగ్గర 40 గంటలు, పిల్లలకు 75 దగ్గర 40 గంటలు. 3 డెసిబెల్ పెరిగిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. మామిడితోట గారు రోజుకు 3 గంటలు, వారానికి ఆరు రోజులు అనుకుంటే 18 గంటలు. అంటే 83 దాటకూడదు. చెవి మూయని ఇయర్‌ఫోన్‌తో బస్సు మోత మీద పాట వినాలంటే ఈ హద్దులో ఉండటం చాలా కష్టం. టిప్పు బాగా అతికితే అదే పాట ఎంతో తక్కువ వాల్యూంలో సరిపోతుంది. ఈ చర్చలో అందరూ చెప్పే ‘అమరిక’ పాట కోసమే కాదు, చెవి కోసం కూడా.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హాయిగా వినపడే వాల్యూం ఎంతో గుర్తుపెట్టుకోండి. బస్సులో దానికంటే రెండు గీతలకు మించి పెంచాల్సి వస్తే టిప్పు మార్చాలి. దిగాక చెవిలో గుయ్‌మంటే, మాటలు పత్తి అడ్డం పెట్టినట్టు వినపడితే ఆ రోజు ఎక్కువైందని అర్థం. గుయ్‌మనడం మరుసటి రోజుకూ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. ఇక బండి నడుపుతూ, రైలు పట్టాలు దాటుతూ ఏ రకమైనా వద్దు.

నాదం 517
కర్ణిక గారి మాటకు ఒక జోడింపు. ఒక వైపు శబ్దం తగ్గిందని వాల్యూం పెంచేవాళ్లు ముందు జాలీ చూడండి. టిప్పు తీసి వెలుతురులో చూస్తే సన్నటి జల్లెడ మీద గుబిలి పేరుకుని కనిపిస్తుంది. జాలీ నేల వైపు ఉండేటట్టు పట్టుకుని, ఎండిన మెత్తటి బ్రష్షుతో కింది నుంచి తుడవాలి, పొడి కిందికే రాలుతుంది. సూది గుచ్చొద్దు, నీళ్లు వాడొద్దు. టిప్పులు మాత్రం సబ్బు నీళ్లలో కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. బడ్స్‌లో ఒక వైపు చార్జ్ ఎక్కకపోతే డబ్బా లోపలి పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవండి. పెద్ద టిప్పు వేశాక డబ్బా మూత సరిగ్గా పడకపోయినా చార్జ్ ఎక్కదు.

మామిడితోట
అందరూ ఇంత ఓపికగా రాసినందుకు చాలా సంతోషం. నాకు బస్సులో సీటు దొరుకుతుంది కనుక వైరు ఊడదీసే ఇయర్‌ఫోన్, డాక్ ఉన్న డాంగిల్, ఫోమ్ టిప్పులు ఒక జత తీసుకుంటాను. మెట్ల దారికి ఇంట్లో ఉన్న పాత బ్లూటూత్‌దే ఒక చెవికి. కొనేటప్పుడు అంగడిలో ఏం చూడాలి?

రేణిగుంట జంక్షన్
డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన లేదా దిగుమతైన నెల, దిగుమతిదారు పేరు చిరునామా, కస్టమర్ కేర్ నంబరు ఉండాలి. ఇవి లేనిది ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. బ్లూటూత్ రకమైతే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఏ కంపెనీదో తెలుస్తుంది. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. చెవిలో పెట్టుకునేవి సీలు తీశాక చాలాచోట్ల వెనక్కి తీసుకోరు, కాబట్టి వాపసు షరతు డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి. మాట తప్పితే 1915కు ఫోన్ చేయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది.

వినే వీలుంటే ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసిన మీ పాటలు మూడు తీసుకెళ్లండి. అంగడివాళ్ల డెమో పాట వద్దు, అది వాళ్ల ఇయర్‌ఫోన్‌కు నప్పేటట్టు ఎంచుకున్నదే ఉంటుంది. రెండిటిని పోల్చేటప్పుడు వాల్యూం సమానం చేయండి. కొంచెం గట్టిగా మోగేదే చెవికి మంచిదిగా తోస్తుంది.

తంబురా
ఫోన్‌లో ఈక్వలైజర్, ‘డాల్బీ’, ‘బాస్ బూస్ట్’ లాంటివన్నీ ఆఫ్ చేసి వినండి. నచ్చాక కావాలంటే వేవ్‌లెట్ యాప్‌లో 100 హెర్ట్జ్ కింద 2, 3 డెసిబెల్ పెంచుకోండి, బస్సుకు అంత చాలు. ఇంట్లో వినేటప్పుడు తీసేయండి.

మామిడితోట
డాంగిల్ వచ్చింది. పాట తేటగా ఉంది, తంబురా నిజంగా విడిగా వినపడుతోంది. కానీ వాల్యూం 100 పెట్టినా తక్కువే. ఇయర్‌ఫోన్ లోపమా?

రిపేరీ బెంచి
డాంగిల్ ఏ కంపెనీదో చెప్పు అన్నా. ఆపిల్‌దైతే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది తెలిసిన ఇబ్బందే. డాంగిల్ లోపల దాని సొంత వాల్యూం ఒకటుంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని పైకి తీసుకుపోవు. అదే డాంగిల్ ల్యాప్‌టాప్‌కు పెట్టి చూడు. అక్కడ గట్టిగా మోగితే ఇయర్‌ఫోన్ బాగున్నట్టే. వాపసు గడువు ఉంటే వేరే కంపెనీ డాంగిల్‌కు మార్చుకో. లేదంటే యూఎస్‌బీ డాక్‌తో నేరుగా మాట్లాడే ప్లేయర్ యాప్ వాడాలి, అప్పుడు ఆ యాప్‌లో పెట్టే పాటలకు మాత్రమే పూర్తి వాల్యూం వస్తుంది. ఆ యాప్ మొదటిసారి తెరిచేటప్పుడు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోవద్దు. వాల్యూం ఒక్కసారిగా నిండా రావచ్చు. ముందు కిందికి దించి, ఆ తర్వాత పెట్టుకో.